ప్రాసెసర్ కొనే ముందు బోర్డు పేరు చదవండి

పరకాలలో డీటీపీ, జిరాక్స్ సెంటర్ నడుపుతున్న పాఠకుడు: మా షాపులో 2012లో కొన్న సిస్టమ్ ఉంది. ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పెళ్లిళ్ల సీజన్‌లో ఫొటోషాప్‌లో కార్డు తెరిస్తే చాలు, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగానే బిగుసుకుపోతోంది. హన్మకొండలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఐ7-3770 ఉందన్నారు, నాలుగో జనరేషన్ ఐ5 కూడా చూపించారు. ఏది వేయించమంటారు?

జవాబు: నాలుగో జనరేషన్‌ది మాత్రం ముట్టుకోకండి. మీ బోర్డులో ఉన్నది ఎల్‌జీఏ 1155 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. అందులో రెండు, మూడు జనరేషన్ల ఇంటెల్ ప్రాసెసర్లే కూర్చుంటాయి. నాలుగో జనరేషన్‌కి 1150 సాకెట్ కావాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ అంచున ఉండే గాట్లు కలవవు. బలవంతంగా నొక్కితే సాకెట్‌లోని వెంట్రుకల్లాంటి పిన్నులు వంగుతాయి, బోర్డు పోతుంది. షాపులో 'ఐ5 ఐ5యే కదా' అంటే నమ్మి డబ్బులు కట్టొద్దు.

ఇక ఐ7. కొనే ముందు ఒక పని చేయండి. కార్డు బిగుసుకుపోయే సమయానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ 100 శాతం దగ్గర ఆగి ఉంటే లోపం ప్రాసెసర్‌దే. సీపీయూ 20, 30 దగ్గరే ఉండి డిస్క్ 100 చూపిస్తే, మెమరీ నిండిపోయి కనిపిస్తే, ఐ7 వేసినా మీ కస్టమర్ అలా ఎదురుచూడాల్సిందే. మీరు రాసిన వివరాలను బట్టి ఈ రెండోదే జరుగుతోందని నా అభిప్రాయం. 4 జీబీ ర్యామ్‌లో విండోస్, బ్రౌజర్, ఫొటోషాప్ కలిసి ఇమడవు. ఇమడనిది హార్డ్ డిస్క్ మీదకు పోతుంది, తిరిగే డిస్క్ అంత వేగంగా ఇచ్చిపుచ్చుకోలేదు.

అందుకే ముందు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించి, విండోస్‌ని దానిమీదకు మార్చండి. హెచ్61లో డిస్క్ తగిలించే పోర్టులు పాత సాటా-2 రకానివే. ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందదు, అయినా తేడా మొదటిరోజే తెలుస్తుంది. ర్యామ్ డీడీఆర్3 రకానిదే తీసుకుని 8 జీబీ చేయండి. విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీ దాటిన ర్యామ్ వాడుకోదు, 64 బిట్‌ది వేయించుకోవాలి. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్స్ వాడుతుంటే, విండోస్ మార్చేలోపే వాటి ఇన్‌స్టాల్ ఫైళ్లు, కీలు, మీ డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో భద్రం చేసుకోండి. డీటీపీ వాళ్లకు అవే పెట్టుబడి.

ఇవి చేశాక కూడా సీపీయూ 100 చూపిస్తుంటే అప్పుడు ప్రాసెసర్ మార్చండి. ఐ3-2120లో కోర్లు 2, ఐ7-3770లో 4. పెద్ద ఫైళ్ల ఫిల్టర్లు, వీడియో ఎక్స్‌పోర్ట్ పనిలో ఆ తేడా బాగానే కనిపిస్తుంది. కానీ 3770 మూడో జనరేషన్‌ది. రెండో జనరేషన్ కాలంలో వచ్చిన బోర్డుకు పాత బయోస్ (బోర్డును మొదట లేపే ప్రోగ్రామ్) ఉంటే దాన్ని గుర్తుపట్టదు, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కాబట్టి సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ పేజీ తెరిచి బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ రాసుకోండి. తయారీ కంపెనీ సైట్‌లో ఆ బోర్డుకు నడిచే ప్రాసెసర్ల పట్టిక ఉంటుంది, ఏ బయోస్ నుంచి నడుస్తుందో కూడా పక్కనే రాసి ఉంటుంది. బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. యూపీఎస్ లేకుండా మాత్రం చేయకండి. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం ఎంతసేపు? మధ్యలో పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఆ జంజాటం వద్దనుకుంటే రెండో జనరేషన్ ఐ5-2400 చూడండి. దానికీ 4 కోర్లు. 95 వాట్లది కనుక, మీ ఐ3తో వచ్చిన చిన్న హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) కాకుండా కాస్త పెద్దది అడిగి వేయించుకోండి.

బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని అందించే పాత పేస్ట్ ఎండి రాయిలా పట్టేసి ఉంటుంది, అందుకే విప్పే ముందు సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, ఆ గోరువెచ్చదనంలో హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు. హీట్‌సింక్ నాలుగు కాళ్లూ 'టక్'మని బోర్డులోకి దిగాయో లేదో వెనకవైపు నుంచి కూడా చూడాలి. ఒక్క కాలు ఎత్తుగా ఉన్నా ప్రాసెసర్ నిమిషాల్లో కాగిపోతుంది.

ఇంకో మాట, మీ డబ్బు విషయం కనుక దాచను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే అనుమతి. ఐ7-3770 వేసినా ఈ సిస్టమ్ ఆ గీత దాటదు. అందుకే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వరకు ఖర్చు పెట్టండి. ఎస్‌ఎస్‌డీ అయితే రేపు కొత్త సిస్టమ్‌లోనూ పనికొస్తుంది. బ్యాంకు లావాదేవీలు, కస్టమర్ల ఆధార్ ప్రింట్లు దీంట్లో చేయకండి, డిజైన్ పనికి ఉంచండి.

గోదావరిఖని నుంచి ఒక గృహిణి: మా అబ్బాయి డెస్క్‌టాప్ మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగిపోతోంది. రాత్రి బాగానే ఉంటుంది. ప్రాసెసర్ పాడైందని, మార్చాలని అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: తొందరపడకండమ్మా. రాత్రి బాగా నడుస్తోందంటే ప్రాసెసర్ బతికే ఉంది. వేడి హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి అది సిస్టమ్‌ని ఆపేస్తుంది. మీ ఊరి ఎండ సంగతి మీకు చెప్పాలా, దానికి బొగ్గు దుమ్ము తోడు. ప్లగ్ తీసి, పక్క డోర్ విప్పి చూడండి. ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని పెయింట్ బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వద్దు. డబ్బాను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి. అయినా ఆగిపోతుంటే కొత్త పేస్ట్ పెట్టించండి, ఆ తర్వాత పవర్ సప్లై చూపించండి. ఈ మూడూ అయ్యేదాకా ప్రాసెసర్ మాట ఎత్తనివ్వకండి.

నర్సంపేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చుకోవచ్చా?

జవాబు: ఇంటెల్‌లో ఐదో జనరేషన్ నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ బోర్డుకే అతికించి వస్తున్నాయి, విప్పి మార్చేవి కావు. వేగం కావాలంటే అడుగున మూత తీసి ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో చూడు తమ్ముడూ, కొన్ని మోడళ్లలో ఉంటుంది.