మీవాడు అడిగిన మీటరు కొనివ్వండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. పెద్దబ్బాయి బీటెక్. వాడికి చేరగానే 55 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. చిన్నవాడు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండో ఏడాది, సాయంత్రాలు కార్ల షెడ్డుకు వెళ్తాడు. ఇంజిన్ సెన్సార్లు చెక్ చేయడానికి మూడున్నర వేల మీటరు (వోల్టులు, ఓములు కొలిచే మల్టీమీటరు) కావాలంటున్నాడు. బజార్లో మూడొందలకే దొరుకుతోంది కదా? షెడ్డులో కొందరు మీటరెందుకు, కారు కంప్యూటర్‌కు తగిలించి తప్పులు చదివే స్కానర్ కొనుక్కో అంటున్నారట. మా బావమరిదేమో పెట్రోలు బళ్ల పని అయిపోయింది, 60 వేలు కట్టి ఈవీ (బ్యాటరీ బళ్ల) కోర్సులో చేర్పించు అంటున్నాడు. ఏది కొనాలి? వీడు జీవితమంతా మెకానిక్‌గానే ఉండిపోతాడేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరి వాక్యంలో ఉంది. మీటరు, స్కానర్, ఈవీ కోర్సు అని మూడు అడిగారు గానీ, మీ మనసులో ఉన్నది ఒకటే: చిన్నవాడు పెద్దవాడికంటే తక్కువైపోతాడేమోనన్న భయం. ఐటీఐ పిల్లల తల్లిదండ్రుల నుంచి ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. పనిముట్టు పేరు ఒక్కటే మారుతుంది.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. 55 వేల ల్యాప్‌టాప్ కొన్నప్పుడు బజార్లో ఇంతకంటే చవకది లేదా అని ఇన్ని రాత్రులు ఆలోచించారా? లేదు. అది చదువు ఖర్చు అనుకున్నారు. ఈ మూడున్నర వేలూ చదువు ఖర్చేనండి. పనిముట్టు కోసం పిల్లవాడు తనంతట తాను నోరు తెరిచి అడిగాడంటే వాడికి పని మీద మనసు పడిందన్నమాట. ఫీజు కట్టి కూడా తెప్పించలేనిది అది. ఆ మనసును మీ అనుమానంతో చల్లార్చకండి.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పాను. అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూసిన సంగతి చెబుతాను. మే నెల, రేకుల కింద నిప్పులు చెరిగే ఎండ. కారుకు స్కానర్ పెడితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తోంది. అక్కడి కుర్రాడు సెన్సార్ పాడైందని కొత్తది తెచ్చి వేశాడు. మళ్లీ మైనస్ 40. అప్పుడు పెద్ద మేస్త్రీ వచ్చి సెన్సార్ కనెక్టర్ ఊడదీశాడు. ఇగ్నిషన్ ఆన్ చేయించి, మీటరు ఎర్ర తీగను సిగ్నల్ పిన్నుకూ, నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్‌కూ ఆనించాడు. 5 వోల్టులు. అంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) నుంచి కరెంటు వస్తోంది. ఎర్ర తీగ అక్కడే ఉంచి, నల్ల తీగను కనెక్టర్‌లోని ఎర్త్ పిన్నుకు మార్చాడు. సున్నా. అంటే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది. ఆ తీగ వెంట చేత్తో తడుముకుంటూ వెళ్తే, లోపల ఎలుక కొరికిన చోటు దొరికింది. సెన్సార్ మొదటి నుంచీ బాగానే ఉంది. కొత్త సెన్సార్ డబ్బు వృథా.

స్కానర్‌కూ మీటరుకూ తేడా నేను ఇంతకంటే వివరంగా చెప్పలేను. ఏ వీధిలో గొడవ ఉందో స్కానర్ చెబుతుంది, ఏ ఇంట్లోనో మీటరే చెప్పాలి. మంచి స్కానర్ వేలల్లో ఉంటుంది, షెడ్డు యజమాని దగ్గర ఎలాగూ ఉంటుంది. చదువుకునే పిల్లవాడు సొంతానికి కొనక్కర్లేదు.

ఇక మూడొందల మీటరు. నిజం చెప్పాలంటే, 5 వోల్టులు ఉన్నాయో లేవో అదీ చూపిస్తుంది. కానీ వాటిలో చాలావాటికి ఇన్‌పుట్ రెసిస్టెన్స్ తక్కువ. ఆక్సిజన్ సెన్సార్ లాంటివి 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగే బలహీనమైన సిగ్నల్ ఇస్తాయి, దాన్ని మీటరే లాగేసుకోకూడదు. అందుకే ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగా ఓములు ఉన్నది అడగాలి. ఇంజిన్ తిరిగే వేగం చూసే క్రాంక్ సెన్సార్ కోసం హెర్ట్జ్ (సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో), ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల కోసం డ్యూటీ సైకిల్ (ఎంత శాతం సేపు తెరిచి ఉంటున్నాయో) చూపించాలి. మినిమమ్-మాక్సిమమ్ గుర్తుపెట్టుకునే బటన్ ఉంటే ఇంకా మంచిది. యాక్సిలరేటర్ నొక్కుతున్న కొద్దీ థ్రాటిల్ సెన్సార్ 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా మెల్లగా పెరగాలి, మధ్యలో ఎక్కడైనా టక్కున పడిపోతే కంటికి అందకపోయినా ఆ బటన్ చాలాసార్లు పట్టుకుంటుంది. 10 ఆంపియర్ల వైపు ఫ్యూజు ఉందా, క్యాట్ 3 (భద్రతా తరగతి) అని రాసి ఉందా చూడండి. ఇవన్నీ ఉన్న మీటరు సుమారు రెండు వేల నుంచి నాలుగు వేల లోపే దొరుకుతుంది. మీవాడు అడిగిన ధర సరిగ్గా అందులోనే ఉంది. తెలిసే అడిగాడు. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలో చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. పెద్ద బ్రాండ్ల ఖరీదైన మీటర్లు వాడు సంపాదించాక వాడే కొనుక్కుంటాడు.

మీటరుతో పాటు కనెక్టర్ వెనక నుంచి దూర్చే సన్నటి పిన్నులు కూడా కొనివ్వండి. తీగ మీద తొక్క పొడిచి చూసే అలవాటు మొదట్లోనే పోవాలి, ఆ చిల్లులోంచి నీళ్లు దిగి కొన్నాళ్లకు తీగ కుళ్లుతుంది. మూడు తీగల హాల్ సెన్సార్‌కు (అయస్కాంతాన్ని పసిగట్టేది) ఓముల్లో పెట్టి చూడకూడదనీ, ఈసీయూ తీగలకు బల్బు టెస్ట్ లైటు ఆనించకూడదనీ కూడా చెప్పండి. బహుశా వాడికి తెలిసే ఉంటుంది.

మీ బావమరిది గారి సలహా దగ్గరే నాకు అసలైన అభ్యంతరం. ఈవీలు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. కాదనను. కానీ 60 వేలు తీసుకుని రెండు మూడు నెలల్లో ఈవీ నిపుణుణ్ణి చేస్తామనే బోర్డులు చూస్తే నాకు భయమేస్తుంది. కార్ల బ్యాటరీలు మామూలుగా 300, 400 వోల్టుల మీద ఉంటాయి. దానికి 1000 వోల్టుల గ్లవ్స్ కావాలి, ఆ స్థాయి మీటరు కావాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. కట్టేముందు అక్కడికి వెళ్లి ఒక్కటే అడగండి: మావాడు నిజమైన బండి మీద ఎన్ని గంటలు చేయి పెడతాడు? ప్రొజెక్టర్ చూపించి, చిన్న మోడల్ తిప్పి పంపేవాళ్లు ఈ ప్రశ్నకు నీళ్లు నములుతారు. అలాంటి చోట చేరి, అప్పు మిగుల్చుకుని మళ్లీ షెడ్డుకే వచ్చిన పిల్లలను నేను చూశాను. వాళ్ల తండ్రుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

పైగా పెట్రోలు పని అయిపోయిందన్న మాటే తప్పు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బళ్లన్నీ బీఎస్-6, అంటే పొగ కాలుష్యం మీద కఠినమైన నిబంధన. స్కూటర్లకు కూడా ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది. సొంత బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. అంటే ఆ ఏడాది కొన్నది కూడా 2035 దాకా రోడ్డు మీద ఉండొచ్చు. ఈ లోపు చెడేవాటిలో సెన్సార్లూ వైరింగూ బోలెడు. ఈవీలో మాత్రం ఏముంది? బ్యాటరీ వేడిని చూసేది కూలెంట్ సెన్సార్‌లో ఉండే థర్మిస్టర్ (వేడిని పసిగట్టే ముక్క) లాంటిదే. చాలా ఈవీ స్కూటర్ల మోటార్లలో హాల్ సెన్సార్లుంటాయి. ఈ రోజు ఈ మీటరుతో నేర్చుకున్నది రేపు అక్కడ పనికొస్తుంది.

కాబట్టి మెకానిక్‌గానే ఉండిపోతాడన్న టెన్షన్ పెట్టుకోకండి. ఐటీఐ అయ్యాక కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌షిప్ చేయించండి. చదవాలనిపిస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. ఈవీ శిక్షణ కూడా అప్రెంటిస్‌షిప్ తర్వాత, నిజమైన బండి ఉన్న చోట. అప్పటికి దాని విలువ వాడికే తెలుస్తుంది.

మీటరు కొన్న రోజు ఒక పని చేయండి. షెడ్డులో తీసేసిన పాత కూలెంట్ సెన్సార్ ఒకటి తెమ్మనండి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టండి. సెన్సార్ కొసను మాత్రం నీళ్లలో ముంచి, వాడు మీటరును ఓముల్లో పెట్టి రెండు పిన్నులకూ ఆనిస్తాడు. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు సుమారు రెండు వేలు చూపిస్తుంది. వేడెక్కుతున్న కొద్దీ తగ్గుతూ వస్తుంది, పొగలు వచ్చేసరికి మూడొందల దగ్గరికి దిగుతుంది. అలా ఎందుకు తగ్గిందో వాణ్ణే అడిగి, చెప్పేదాకా పక్కనే కూర్చోండి.