గదిలో గాలి పొడిబారితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చలికాలం రాత్రంతా హీటర్ వేసుకుని పడుకుంటాం. తెల్లారేసరికి గొంతు ఎండిపోతోంది, పెదాలు పగులుతున్నాయి, మా నాలుగేళ్ల బాబుకి ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కూడా వస్తోంది. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ కొందామంటే అల్ట్రాసోనిక్ అని, ఎవాపరేటివ్ అని, వేడి ఆవిరిది అని రకరకాలున్నాయి. ఏది కొనాలి? బాబు గదిలో రాత్రంతా పెట్టొచ్చా?

జవాబు: ముందు హైగ్రోమీటర్ కొనండమ్మా, హ్యూమిడిఫయర్ సంగతి తర్వాత. గాలి పట్టగలిగినంతలో తేమ ఎంత శాతం ఉందో చూపించే చిన్న పరికరం అది. బాబు మంచం దగ్గర, హీటర్‌కీ కిటికీకీ దూరంగా పెట్టి రెండు మూడు రాత్రులు గమనించండి. 30 శాతం కంటే తక్కువ చూపిస్తుంటే గాలి నిజంగానే పొడిగా ఉన్నట్టు. 40, 45 దగ్గర ఉంటే మాత్రం ముక్కు ఇబ్బందికి వేరే కారణం ఉండొచ్చు. రక్తం మాటిమాటికీ వస్తున్నా, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోయినా మెషిన్ల మాట పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

హీటర్ తేమను తాగేస్తుందని చాలామంది అనుకుంటారు కానీ అది నిజం కాదు. సున్నా డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి ఎంత పట్టినా 5 గ్రాముల లోపే నీటి ఆవిరి పడుతుంది, అదే 22 డిగ్రీల దగ్గర 19 గ్రాములకు పైగా పడుతుంది. బయటి చల్లగాలి ఇంట్లోకొచ్చి వేడెక్కినప్పుడు అందులో నీరు ఉన్నంతే ఉంటుంది, పట్టే చోటు నాలుగింతలవుతుంది, అందుకే బయట మంచు కురుస్తున్నా లోపల మీటర్ 25 శాతం చూపిస్తుంది. అంటే గది ఎంత వేడిగా ఉంచుకుంటే అంత పొడి. 24 డిగ్రీల నుంచి 20కి తగ్గిస్తే, ఏ మెషినూ లేకుండానే 30 శాతం ఉన్నది 38 దాకా వస్తుంది. తలుపు, కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతుంటే అవి కూడా మూయించండి.

ఇక రకాల సంగతి. వేడి ఆవిరిది నీళ్లను మరిగిస్తుంది కాబట్టి క్రిముల భయం తక్కువ, కానీ నాలుగేళ్ల పిల్లాడు తిరిగే గదిలో మరిగే నీళ్లుండకూడదు, ఆ ఒక్క కారణంతోనే నేను దాన్ని వద్దంటాను. కరెంటు కూడా వందల వాట్లు లాగుతుంది. అల్ట్రాసోనిక్‌లో ఒక చిన్న బిళ్ల సెకనుకు పది లక్షలసార్లకు పైగా అదురుతూ నీళ్లను సన్నటి తుంపరగా కొడుతుంది. చప్పుడుండదు, కరెంటు ఖర్చు చాలా తక్కువ. చిక్కల్లా ట్యాంకులో ఏముంటే అదే గాలిలోకి వస్తుంది, సున్నమైనా పాచైనా. ఎవాపరేటివ్‌లో ఫ్యాన్ గాలి తడి ఫిల్టర్ గుండా వెళ్తుంది, నీరు ఆవిరై పోతుంది, సున్నం ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది, పైగా గదిలో తేమ పెరిగేకొద్దీ దానంతటదే నెమ్మదిస్తుంది. ఫ్యాన్ చప్పుడు భరించాలి, ఫిల్టర్ గట్టిపడినప్పుడల్లా మార్చాలి. అయినా పిల్లల గదికి నా ఓటు దీనికే.

ఏది కొన్నా, కొనేముందు ట్యాంకు మూత తీసి చెయ్యి లోపల పెట్టి చూడండి. అడుగు మూలల దాకా వేళ్లు చేరకపోతే, దానికి ఎన్ని లైట్లున్నా, ఫోన్‌తో ఆపరేట్ చేయగలిగినా, వదిలేయండి. కడగలేని హ్యూమిడిఫయర్ ఇంట్లో లేకపోవడమే మేలు.

సైజు గురించి కూడా చెప్పాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో తేమను 25 నుంచి 45 శాతానికి తేవడానికి ఒక గ్లాసు నీళ్లు చాలు, కానీ సందుల్లోంచి గాలి మారిపోతూనే ఉంటుంది కాబట్టి రాత్రంతా అలా నిలబెట్టాలంటే ఇంచుమించు లీటరు కావాలి. గాలి ఎక్కువగా చొరబడే ఇంట్లో ఇంకా ఎక్కువ.

రాత్రంతా పెట్టొచ్చు, కాకపోతే మీటర్ 50 దాటకుండా చూసుకోండి. అంతకంటే పెరిగితే దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులకు పండగే, 60 దాటితే గోడలకు బూజు పడుతుంది. పొద్దున్న లేవగానే కిటికీ అద్దం కింది మూలలు చూడండి, అక్కడ నీటి చుక్కలు నిలబడి ఉంటే మీటర్ 40 చూపిస్తున్నా సరే తగ్గించాల్సిందే, ఎందుకంటే చల్లటి అద్దం దగ్గర తేమ లెక్క వేరు. మెషిన్‌ను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకూ మంచానికీ దూరంగా, పిల్లాడికి అందకుండా పెట్టండి.

ప్రశ్న: మాది అల్ట్రాసోనిక్. టీవీ మీద, బల్లల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే పోతుందా?

జవాబు: పోదండి. కాచితే క్రిములు చస్తాయి కానీ లవణాలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆ పొడి మీ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే, బల్లల మీద పడినట్టే మీ ఊపిరిలోకీ పోతోంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఆర్.ఓ. నీళ్లయితే పొడి బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పొడి కంటే నాకు టెన్షన్ పాచి గురించి. ట్యాంకు లోపలి గోడను వేలితో ఒకసారి రాసి చూడండి, జారుతున్నట్టుంటే అప్పటికే బ్యాక్టీరియా పొర కట్టినట్టు. అలాంటి నీళ్ల తుంపర పీలిస్తే జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల్లో వాపు దాకా వెళ్లొచ్చు. రోజూ పాత నీళ్లు పారబోసి, తుడిచి, కొత్త నీళ్లు పోయాలి, నిన్నటివి మిగిలాయి కదా అని వాటి మీదే నింపకండి. మూడు రోజులకోసారి వెనిగర్ పోసి అరగంట ఉంచి, బిళ్ల చుట్టూ కట్టిన సున్నాన్ని మెత్తటి బ్రష్‌తో తీయండి (కత్తితో గీరితే బిళ్ల పాడవుతుంది), తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. సీజన్ అయిపోయాక పూర్తిగా ఆరబెట్టి దాచండి.

ప్రశ్న: అంత కడగడం ఎందుకు, నీళ్లలోనే నాలుగు చుక్కలు క్రిమిసంహారకం వేస్తే సరిపోదా? సువాసన నూనె వేయొచ్చా?

జవాబు: రెండూ వద్దు. మొదటిది అస్సలు వద్దు. దక్షిణ కొరియాలో 1994 నుంచి హ్యూమిడిఫయర్ నీళ్లలో కలిపే క్రిమిసంహారకాలు మార్కెట్లో అమ్మారు, శుభ్రం చేసే శ్రమ తప్పుతుందని ఇళ్లల్లో నమ్మి వాడారు. ఊపిరితిత్తులు దెబ్బతిని చిన్నపిల్లలు, గర్భిణులు, బాలింతలు ప్రాణాలు పోగొట్టుకున్నారు, కారణం ఈ రసాయనాలేనని 2011లో గానీ బయటపడలేదు. చర్మానికి తగిలితే పెద్దగా హాని చేయని పదార్థం కూడా సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల లోతుకు చేరితే విషమవుతుంది. ఆ ఇళ్లలో చాలామంది తల్లిదండ్రులు బిడ్డ ఆరోగ్యం కోసమే దాన్ని కలిపారు, అది తలుచుకుంటే ఈ జవాబు ఎన్నిసార్లయినా రాయాలనిపిస్తుంది. సువాసన నూనెలు కూడా, వాటి కోసం విడిగా అర ఉన్న మోడల్‌లో తప్ప, ట్యాంకు ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆ అర ఉన్నా వేయకండి.

ప్రశ్న: కొనే స్తోమత లేదు. గదిలో గిన్నెతో నీళ్లు పెడితే చాలా?

జవాబు: గిన్నెలో నీళ్లు ఆవిరయ్యేది చాలా నెమ్మదిగా, మీటర్ మీద అంకె కదిలితే గొప్పే. దాని బదులు ఉతికిన బట్టలు గదిలో ఆరేయండి, మెషిన్లో పిండిన ఒక వాయి బట్టల్లోనే లీటరుకు పైగా నీరుంటుంది, అదంతా గాలిలోకే వస్తుంది. అద్దాల మీద నీరు కారడం మొదలైతే సగం బట్టలు వేరే గదిలోకి మార్చండి.