వారం వయసులోనే చనిపోతున్న వనరాజా కోడిపిల్లలు: ముందు బ్రూడర్ సరిచేసుకోండి

ప్రశ్న: డిసెంబరు నెలాఖరులో ఒక రోజు వయసున్న 200 వనరాజా కోడిపిల్లలను తెప్పించాను. పెంకుటింటి వసారాకు గోనెపట్టాలు కట్టి, నేల మీద వేరుశనగ పొట్టు పరిచి, ఒక 60 వాట్ల బల్బు, రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వేలాడదీశాను. మేతగా నూకలు వేస్తున్నాను. మూడో రోజు నుంచి రోజుకు ఐదారు చొప్పున చనిపోతూ, తొమ్మిదో రోజుకు 38 పిల్లలు పోయాయి. మలద్వారం చుట్టూ తెల్లటి రెట్ట అంటుకుని గట్టిపడుతోంది. మందుల దుకాణంలో అడిగితే ఇది తెల్లపారుడు రోగమని చెప్పి, నీళ్లలో కలపమని రెండు రకాల పొడులు ఇచ్చారు. వాడుతున్నా మరణాలు ఆగడం లేదు. పిల్లలు నీరసంగా ఉన్నాయి కాబట్టి కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా ఇప్పుడు వద్దని కూడా వారే చెప్పారు. ఇంతకంటే బలమైన మందు ఏదైనా ఉంటే తెలియజేయగలరు.
– ఒక రైతు, మెరకముడిదాం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: మీ పిల్లలకు ఇంతకంటే బలమైన మందు అవసరం లేదు. పశువైద్యుడు చూసి రాసినవి కావు గనుక, ఇప్పుడు కలుపుతున్న రెండు పొడులు కూడా ఈరోజే ఆపేయండి. మీరు రాసిన లక్షణాలను, ముఖ్యంగా మీరు వేలాడదీసిన బల్బుల లెక్కను చూస్తే, ఈ మరణాలకు మొదటి కారణం చలి అనీ, నా రెండో అనుమానం వేరుశనగ పొట్టు మీద అనీ చెప్పాలి. తెల్లపారుడును పూర్తిగా కొట్టిపారేయడం లేదు గానీ, మలద్వారానికి రెట్ట అంటుకున్నంత మాత్రాన అది తెల్లపారుడు అయిపోదు. చలి తగిలిన పిల్లలోనూ సరిగ్గా ఇదే కనిపిస్తుంది.

గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. ఆ శక్తి రావడానికి వారం పది రోజులు పడుతుంది. పుట్టేటప్పుడు పొట్టలో మిగిలి ఉన్న పచ్చసొన రెండు మూడు రోజుల పాటు దానికి ఆహారంగానూ, తల్లి నుంచి వచ్చే రక్షణగానూ పనిచేస్తుంది. ఒళ్లు చల్లబడిన పిల్ల మేత దగ్గరికి, నీటి దగ్గరికి పోకుండా మిగతా వాటితో కలిసి ముద్దగా ముడుచుకుంటుంది. సొన ఒంటపట్టక లోపలే కుళ్లుతుంది. అందువల్ల మొదటి రాత్రి తగిలిన చలికి పిల్ల ఆ రాత్రే చనిపోదు, మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు చనిపోతూ ఉంటుంది. మీ దగ్గర మరణాలు మూడో రోజున మొదలు కావడం దీనికి సరిపోతోంది. తొమ్మిదో రోజుకు కూడా ఆగలేదంటే చలి ఇంకా తగులుతూనే ఉందని అర్థం.

ఇక బల్బుల సంగతి. శీతాకాలంలో ఒక్కో పిల్లకు 2 వాట్ల చొప్పున వేడి ఇవ్వాలి, అంటే 200 పిల్లలకు 400 వాట్లు కావాలి. మీరు ఇచ్చింది 60 వాట్లు మాత్రమే, ఎందుకంటే ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది గానీ పిల్లలకు పనికొచ్చే వేడి ఇవ్వదు. కరెంటు బిల్లు తగ్గుతుందని చాలామంది రైతులు పాత బల్బులు తీసేసి, పిల్లలకు వెచ్చదనం ఇచ్చే బ్రూడర్‌లో కూడా ఎల్‌ఈడీలు పెట్టేస్తున్నారు. గది నిండా వెలుగు కనిపించేసరికి వేడి కూడా ఉందని పొరబడుతున్నారు. బ్రూడర్‌కు ముట్టుకుంటే చేయి కాలే పాత రకం పసుపు బల్బులు గానీ, 250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బులు గానీ కావాలి.

ఈ సాయంత్రం చీకటి పడేలోపు చేయవలసినది ఇది. ఒకటిన్నర అడుగుల ఎత్తున్న పలుచని రేకును గానీ, గట్టి అట్టను గానీ మూలలు లేకుండా 8 అడుగుల అడ్డుకొలత వచ్చేలా గుండ్రంగా నిలబెట్టండి. దీనికి సుమారు 25 అడుగుల పొడవు పడుతుంది. గదికి మూలలుంటే పిల్లలు రాత్రిపూట మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి గనుక ఈ గుండ్రటి అడ్డు లేకుండా బ్రూడర్ పెట్టవద్దు. మిగిలిన 162 పిల్లలకు ఒక 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు, ఒక 100 వాట్ల పాత రకం బల్బు సరిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ బల్బును పొట్టుకు అడుగున్నర ఎత్తులో, కరెంటు తీగతో కాకుండా గొలుసుతో వేలాడదీయండి. తెగి పడితే వసారాయే అంటుకుంటుంది. నీటి పాత్రలను బల్బుకు నేరుగా కింద పెట్టవద్దు. బాగా నీరసించిన పిల్లలను ఏరి, పక్కనే మూడడుగుల చిన్న అడ్డులో మరో 60 వాట్ల బల్బు కింద విడిగా ఉంచండి, లేకపోతే బలమైనవి వాటిని మేత దగ్గరికి రానివ్వవు.

ఒక థర్మామీటరు కొనండి. దాన్ని గోడకు తగిలించకుండా బల్బు వేడి పడే వలయం అంచున, పొట్టుకు రెండు అంగుళాల ఎత్తులో, అంటే పిల్ల వీపు ఉండే చోట కట్టండి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మీ పిల్లలు రెండో వారంలోకి వచ్చినా, నీరసించి ఉన్నాయి గనుక ఇంకో మూడు రోజులు 95 డిగ్రీలే ఉంచి, ఆ తర్వాత 90కి దించండి. థర్మామీటరు కంటే నమ్మకమైన కొలత పిల్లల తీరే. రాత్రి పది గంటలకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగు గంటలకు మరోసారి అలికిడి చేయకుండా వెళ్లి చూడండి. బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమంటుంటే వేడి చాలడం లేదని, అంచులకు పోయి నోళ్లు తెరిచి ఎగశ్వాస పెడుతుంటే వేడి ఎక్కువైందని, అన్నీ ఒకే పక్కకు ఒదిగి ఉంటే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోందని తెలుసుకోవాలి. అంతటా సమానంగా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. మన జిల్లాల్లో జనవరి మంచు తెల్లవారుజామునే ఎక్కువగా దిగుతుంది గనుక ఆ నాలుగు గంటల పరిశీలనను మానవద్దు.

కరెంటు పోయినప్పుడు బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చు. అయితే బొగ్గులు బయటే బాగా రాజుకుని, పొగ పూర్తిగా పోయాకే లోపలికి తేవాలి. పిల్లలు దగ్గరికి పోకుండా చుట్టూ ఇనుప జల్లెడ ఉంచాలి. చలి రాకూడదని గోనెపట్టాలను పైకప్పు దాకా బిగించి కట్టేస్తే బొగ్గుల విషవాయువు వల్ల, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు వల్ల పిల్లలు తెల్లారేసరికి పోతాయి. కింద నుంచి నాలుగడుగుల వరకు కట్టి, పైన ఒక అడుగు ఖాళీ వదలండి.

వేరుశనగ పొట్టును మొత్తం ఎత్తివేయండి. ఏమాత్రం చెమ్మ తగిలినా దానికి బూజు పడుతుంది, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే ఏ యాంటీబయాటిక్‌కూ లొంగదు. పిల్లలు చప్పుడు లేకుండా మెడ చాచి నోటితో గాలి పీలుస్తున్నాయేమో గమనించండి. బదులుగా ఎండలో ఆరబెట్టిన వరి ఊకను రెండు మూడు అంగుళాల మందాన పరిచి, రోజూ ఒకసారి కలియబెట్టండి. పిడికిట్లో నొక్కితే ఊక ముద్ద కట్టకూడదు.

నూకలు మాత్రమే మేతగా సరిపోవు. 20 శాతం మాంసకృత్తులు ఉన్న చిక్ స్టార్టర్ దాణాను ఆరు వారాలు నిండే వరకు ఇవ్వాలి. 50 పిల్లలకు ఒక మేత తొట్టి, ఒక రెండు లీటర్ల నీటి పాత్ర చొప్పున అమర్చండి. ఎ, డి3, ఇ, బి12 విటమిన్ల ద్రావణాన్ని 100 పిల్లలకు రోజుకు 5 మి.లీ. చొప్పున ఐదు రోజుల పాటు ఉదయం నీటిలో కలపండి. మలద్వారం మూసుకుపోయిన పిల్లలను గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో తుడిచి, పెచ్చు నానిన తర్వాతే మెల్లగా తీయండి. పొడిగా ఉండగా లాగితే చర్మం ఊడివస్తుంది. తుడిచిన పిల్లను పూర్తిగా ఆరే వరకు బల్బు కింద ఉంచండి.

దుకాణంలో ఇచ్చిన పొడుల గురించి కొంత వివరంగానే రాయాలి. ప్యాకెట్ల వెనుక మందు పేరు ఏముందో చదివించుకోండి. అందులో కొలిస్టిన్ ఉంటే, కోళ్లతో సహా ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు ఆ మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించిందని తెలుసుకోండి. మనుషుల్లో ఏ మందుకూ లొంగని ఇన్‌ఫెక్షన్లకు చివరి అస్త్రంగా దాచుకున్న మందు అది. అందులో కొలిస్టిన్ లేకపోయినా నా మాట మారదు. పిల్లను చూడకుండా, చనిపోయిన దాన్ని కోసి చూడకుండా, రెట్ట రంగు విని కౌంటరు మీద నుంచి పొడి అందించేవారు వైద్యం చేయడం లేదు, సరుకు అమ్ముతున్నారు. చలికి చనిపోయే పిల్లకు యాంటీబయాటిక్ ఏ మేలూ చేయదు. పైగా కొన్ని పొడులు చేదుగా ఉండడం వల్ల అసలే నీరసించిన పిల్లలు నీళ్లు తాగడం కూడా తగ్గించేస్తాయి. రేపు నిజంగా రోగం వచ్చినప్పుడు అదే మందు పనిచేయకుండా పోతుంది. మూడో వారం వచ్చేసరికి రక్తపారుడు రాకుండా ముందుగానే వాడమని ఇంకో ప్యాకెట్ ఇస్తారు, దాన్నీ తీసుకోవద్దు. రెట్టలో రక్తం కనిపించి, పశువైద్యుడు అవునన్నప్పుడు మాత్రమే ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తే సరిపోతుంది.

తెల్లపారుడు అవునా కాదా అన్నది తేల్చుకునే దారి మీకు దగ్గర్లోనే ఉంది. వేడి సరిచేసిన మూడు రోజుల్లో మరణాలు తగ్గకపోతే, అప్పుడే చనిపోయిన రెండు మూడు పిల్లలను పాలిథిన్ సంచిలో కట్టి, చుట్టూ ఐసు ముక్కలు పెట్టి, అదే పూట గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినవి, కుళ్లినవి పరీక్షకు పనికిరావు. కాలేయం, గుండెల మీద బూడిదరంగు బొడిపెలు ఉన్నాయా, ఊపిరితిత్తుల్లో బూజు గింజలు ఉన్నాయా, సొన అరగకుండా మిగిలిందా అన్నది కోసి చూస్తేనే తెలుస్తుంది. తెల్లపారుడు అని ప్రయోగశాలలో తేలితే ఆ సూక్ష్మజీవి గుడ్డు ద్వారా తల్లి కోడి నుంచే వచ్చే అవకాశం ఉంది కాబట్టి, పిల్లలు ఇచ్చిన హేచరీ వారిని గట్టిగా నిలదీయండి. బతికి బయటపడిన పెట్టలు ఆ రోగాన్ని మోస్తూనే ఉంటాయి గనుక వాటి గుడ్లను పొదిగించవద్దు.

లసోటాను వాయిదా వేయమన్నది మీకు దొరికిన సలహాలన్నింటిలోకీ ప్రమాదకరమైనది. కొక్కెర తెగులు వస్తే మిగిలిన 162 కూడా మిగలవు. 5 నుంచి 7 రోజుల మధ్య వేయవలసిన టీకా ఇప్పటికే ఆలస్యమైంది. బ్రూడర్ సరిచేసిన రెండు రోజులకు, చురుగ్గా ఉన్న పిల్లలన్నింటికీ కంట్లో ఒక్కో చుక్క వేయించండి. విడిగా ఉంచిన నీరసపు పిల్లలకు కోలుకున్నాక వేయించవచ్చు. టీకా సీసాను ఐసు ఉన్న ఫ్లాస్కులోనే తెచ్చి, కలిపిన తర్వాత రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది దాచకూడదు. దానికి వారం తర్వాత గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ రోగం) టీకా, నాలుగు వారాలు నిండాక లసోటా రెండో విడత, ఆరో వారంలో కోళ్ల మశూచి టీకా, ఎనిమిదో వారంలో మళ్లీ కొక్కెర తెగులుకే వేసే ఆర్‌2బి టీకా అర మి.లీ. ఇప్పించాలి. మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే వైరస్ రోగం) టీకా మొదటి రోజే హేచరీలో వేశారో లేదో అడిగి రాయించుకోండి. ఈ తేదీలన్నీ మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చూపించి ముందుగానే చెప్పి ఉంచితే టీకా సమయానికి అందుతుంది.

మళ్లీ పిల్లలను తెప్పించేటప్పుడు బల్బులను అవి వచ్చే ముందు రోజే వెలిగించి, ఊక అడుగు దాకా వెచ్చబడనివ్వాలి. ఊక మీద రెండు రోజుల పాటు పాత వార్తాపత్రికలు పరిచి, రోజూ మార్చాలి. నున్నటి కాగితం వేస్తే కాళ్లు జారి చెరో పక్కకు విడిపోతాయి. పెట్టెలు దించగానే ఒక్కో పిల్ల ముక్కును లీటరుకు 50 గ్రాముల బెల్లం కలిపిన గోరువెచ్చని నీటిలో తాకించి వదలండి. మొదటి రోజు కాగితం మీదే మొక్కజొన్న రవ్వ చల్లి, మరునాటి నుంచి స్టార్టర్ దాణాకు మార్చండి. మొదటి రాత్రి పడుకునే ముందు అక్కడో పిల్లను ఇక్కడో పిల్లను పట్టుకుని, మెడ కింద మేత నిలిచే సంచిని వేలితో మెల్లగా తడిమి చూడండి. అది నిండుగా, మెత్తగా తగిలితే పిల్ల తిన్నట్టు, రాయిలా గట్టిగా తగిలితే నీళ్లు తాగనట్టు. ఖాళీగా ఉన్న పిల్లలను ఏరి, బెల్లం నీటి పాత్రకు దగ్గరగా, వేడి బాగా తగిలేచోట వదిలి, గంట తర్వాత మళ్లీ తడిమి చూడండి.