ఊళ్లో ఆసుపత్రి స్థాయి తగ్గిస్తారంటున్నారు, సంతకాలు సేకరిస్తే ఆగుతుందా?

సంతకాలు ఒక్కటే చాలవు. మంజూరైన పడకలు, పోస్టులు, నెలవారీ కేసుల లెక్కలు చేతిలో ఉండాలి. ఆసుపత్రి స్థాయిని తేల్చేది అవే.

గుంటూరు జిల్లాలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉందనుకోండి. మత్తు డాక్టర్‌ని డిప్యుటేషన్‌ మీద వేరేచోటికి పంపితే సిజేరియన్లు ఆగిపోతాయి. గర్భిణులను గుంటూరులోని ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి రాసి పంపేస్తారు. ఇక్కడ కాన్పుల సంఖ్య పడిపోతుంది. రేపు ఆ తక్కువ సంఖ్యనే చూపించి 'ఇక్కడ అవసరం లేదు' అనడం తేలిక.

అందుకే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పోస్టువారీగా మంజూరెన్ని, పనిచేస్తున్నవారెందరు, డిప్యుటేషన్‌లో ఎవరు, గత 12 నెలల్లో నెలనెలా కాన్పులు, సిజేరియన్లు, రిఫర్ చేసిన కేసులు ఎన్ని అని అడగాలి. 'ఎందుకు తగ్గిస్తున్నారు' అని రాస్తే జవాబు దాటేస్తారు. రికార్డు నకళ్లే కోరాలి. గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

బోర్డు మారలేదు కాబట్టి స్థాయి తగ్గలేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. జీవో లేకుండానే ఖాళీలతో ఆసుపత్రి చిక్కిపోతుంది. అప్పుడు 'జీవో రద్దు చేయండి' అంటే రద్దు చేయడానికేమీ ఉండదు; ఫలానా పోస్టు నింపండి, డిప్యుటేషన్ రద్దు చేయండి అనే అడగాలి.