చూసేవాడికి దారి తెలియాలి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు, పద్నాలుగు నిమిషాల సినిమా రెండూ అందాయి. అలిపిరి కాడ లగేజీ కౌంటర్లో ఇచ్చిన బ్యాగుకు బదులు కొండమీద ఇంకొకరి బ్యాగు చేతికి రావడం, అందులో ఫోను మోగడం మంచి ఎత్తుగడ. కాలినడకన పోయేవాళ్ల సామాను దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారనీ, చేతిలో రసీదు ఒక్కటే మిగులుతుందనీ మన తిరుపతిలో తెలియనివాళ్లు లేరు. అందులో థ్రిల్లర్ ఉందని నీకు తట్టింది. ఆ రసీదు చెమటకు తడిసి అంకెలు చెదిరిపోయే షాటును రెండోసారి వెనక్కి తిప్పి చూశాను.

అంత బాగా మొదలుపెట్టినదానివి, ఆ పరుగు అట్లా ఎందుకు తీశావు? కుర్రాడు అలిపిరిలో పరుగు అందుకుంటాడు, మరుసటి షాట్లో గాలిగోపురం ముందు నిలబడి ఉంటాడు. చొక్కా నలగలేదు, ఊపిరి ఎగబోయలేదు. 3,550 మెట్ల దారిలో గట్టి ఎక్కుడంతా గాలిగోపురం చేరేలోపలే ఉంది. మోకాళ్లు పట్టుకుని ఆ మెట్లెక్కిన ప్రతివాడూ ఆ కట్ దగ్గరే నీ కథను నమ్మడం మానేస్తాడు. మెట్లన్నీ చూపించమని కాదు. మూడు చోట్ల ఆపితే చాలు. ప్రతి టేకుకు ముందు నటుణ్ణి రెండు నిమిషాలు మెట్లమీద ఎక్కించి దించు, ఆయాసం దానంతటదే వస్తుంది. గ్లిసరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసుకో. ఉత్త నీళ్లు లైటు వేడికి ఆరిపోతాయి, ఇది ఆరదు. ఏ మెట్టు దగ్గర చొక్కా ఎంత తడిసిందో ఫోనులో ఫోటో తీసి పెట్టుకో, లేకపోతే ఎడిటింగులో తడి చొక్కా పక్కన పొడి చొక్కా వచ్చి కూర్చుంటుంది.

థ్రిల్లరుకు ప్రాణం స్థలం. ఏది ఎక్కడుందో చూసేవాడికి తెలిస్తేనే భయం పుడుతుంది. తెలియకపోతే పుట్టేది అయోమయమే. నేను ఎవరి స్క్రిప్టు చదివినా ముందు వెతికేది ఇదే. బైరాగిపట్టెడ అద్దెగదిలో నీ సీను చూడు. తలుపు ఎటుందో, కిటికీ ఎటుందో, బ్యాగు మంచం కింద ఉందో బీరువా వెనక ఉందో చివరిదాకా తెలియదు. అందుకే తలుపు చప్పుడైనప్పుడు నాకేమీ కాలేదు. రాయడానికి ముందే కాగితం మీద గది గీసుకో. తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, గడియ ఏ వైపు, మంచంమీద కూర్చున్నవాడికి తలుపు కనపడుతుందా, అన్నీ రాసుకో. సీను మొదట్లో ఏడెనిమిది సెకన్లు కదలని వైడ్ షాట్ ఒకటి పెట్టు. తలుపు, మంచం, దాని కింద బ్యాగు పట్టీ మూడూ ఒకే ఫ్రేములో ఉండాలి. ఆ తర్వాత ఎంత దగ్గరికి పోయినా చూసేవాడు దారి తప్పడు.

ఇద్దరు మనుషుల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరాను ఆ గీతకు ఒకే పక్కన ఉంచు. వరండాలో వెంటాడేవాడు కుడినుంచి ఎడమకు వచ్చాడు, గదిలో ఎడమనుంచి కుడికి పోయాడు. దాంతో వాడు పారిపోతున్నట్టుంది. పక్క మార్చక తప్పదంటే కెమెరా షాట్లోనే నడిచి అవతలికి పోవాలి, లేదా మధ్యలో వాడు నేరుగా కెమెరాకేసి వచ్చే షాటు ఒకటి పడాలి. రెండు సెకన్లకొక కట్ వేస్తే వేగం వస్తుందని చెప్పే ఎడిటర్ల మాట నమ్మవద్దు. స్థలం తెలియక తీసిన తప్పుల్ని కప్పిపుచ్చడానికే చాలామంది ఆ కట్లు వేస్తారు. చివర్లో ట్విస్టు లేనిదే బహుమతి ఇవ్వని పోటీలు కూడా ఈ కళను బాగా పాడుచేశాయి.

శబ్దం గురించి నువ్వొక్క ప్రశ్న కూడా అడగలేదు, దెబ్బతిన్నది అక్కడే. మాటల వెనక ఫ్యాను ఒక షాట్లో ఉంది, ఇంకో షాట్లో లేదు. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ కూడా ఆపు. బండి తాళం ఫ్రిజ్‌లో పెడితే పోయేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. ప్రతి చోటా అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేసుకో, కట్‌ల మధ్య సందులు నింపేది అదే. కాలర్ మైకు ఛాతీమీద, గడ్డానికి జానెడు కింద ఉండాలి, రికార్డింగు మీటరులో మాటల లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. నీ సినిమా రెండో సగంలో పెదాలు ముందు, మాట వెనక అయింది కదా, దానికి కారణం ఫోను ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే ఫ్రేముల లెక్కను, నిలకడగా ఉంచకపోవడం. ఎడిటింగుకు ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకో. బ్యాగులో ఫోను మోత విడిగా తీసుకో. బట్టల మడతల్లో మోగితే ఒక రకంగా, సిమెంటు నేలమీద వణికితే ఇంకో రకంగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడాతోనే, ఎవరో బ్యాగు తెరిచారని మాట లేకుండా చెప్పవచ్చు. నువ్వేమో అక్కడ డప్పుల మ్యూజిక్ వేశావు.

ట్యూబ్‌లైటు కింద చారలు పరిగెత్తాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టు. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) షాటు మధ్యలో మారకుండా లాక్ చెయ్యి. రాత్రి సీనుకు ఐఎస్ఓ (వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి) పెంచితే చీకటంతా గింజలు కడుతుంది. ముఖం నీడలో పోయినా పర్లేదు, వెనక గోడమీద 9 వాట్ల బల్బు ఒకటి వెలగనీ, ముందు నిలబడినవాడి ఆకారం తెలుస్తుంది.

కౌంటర్ సీనును అలిపిరిలో దొంగచాటుగా తీశావని చూస్తేనే తెలుస్తోంది, ఫ్రేములన్నీ వణికాయి. అక్కడ తీయాలంటే దేవస్థానం అనుమతి కావాలి, చంద్రగిరి కోటలో అయితే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి. అవి లేనప్పుడు కాలేజీలోనే ఒక బల్ల, ఇనుపకడ్డీల కిటికీ, వెనక పదిహేను బ్యాగులు పెట్టుకో. మైకు ప్రకటన ఎవరిచేతనైనా చదివించి, చిన్న స్పీకరులో ఖాళీ వరండాలో మోగించి మళ్లీ రికార్డు చెయ్యి. ఆ గింగురుమనే మోత వింటే ఎవరైనా అలిపిరి అనే అనుకుంటారు. బొమ్మ పిస్తోలుతో మాత్రం రోడ్డెక్కవద్దు, నిలువునా తనిఖీలు చేసే ఊరు మనది. చొక్కా కింద ఉబ్బు చూపిస్తే చాలు.

నెత్తురు కుంకుమ నీళ్లలా ఉంది. కప్పు చిక్కటి పంచదార పాకంలో అర చెంచా ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీపొడి కలుపు. మరక పడ్డాక మళ్లీ టేకు తీయాలంటే కావాలి కదా, ఒకే రకం చొక్కాలు మూడు కొని పెట్టుకో.

ముందు అద్దెగది సీను ఒక్కటే మళ్లీ రాసి పంపు, గది పటంతో సహా. మ్యూజిక్ ఎక్కడా రాయవద్దు.

ఆశీస్సులతో.