అవుట్‌కాస్ట్ ఆల్బమ్‌లలో ఏది గొప్పది, దేంతో మొదలుపెట్టాలి?

నా వరకు అవుట్‌కాస్ట్ ఆల్బమ్‌లలో గొప్పది 1998 నాటి 'అక్వెమినై'. కొత్తగా వినేవాళ్లు మొదలుపెట్టాల్సింది మాత్రం 1996లో వచ్చిన 'ఏటీలియెన్స్'తో.

ఈ అమెరికన్ రాప్ గ్రూపులో ఉన్నది ఇద్దరే: ఆండ్రే 3000, బిగ్ బాయ్. అట్లాంటా పక్కన ఈస్ట్ పాయింట్‌లో ఒకే హైస్కూల్లో చదువుకున్న స్నేహితులు. ఏళ్ల తరబడి వింటూ వచ్చాక నాకు తేలిందేంటంటే, ఈ ఆల్బమ్‌లను పోల్చడానికి హిట్ల లెక్క పనికిరాదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారన్నదే చూడాలి.

1994 నాటి మొదటి ఆల్బమ్‌లో ఆ దూరం దాదాపు లేదు. ఇద్దరూ కుర్రాళ్లు, ఇద్దరిదీ ఒకటే దూకుడు. బీట్లు కట్టే 'ఆర్గనైజ్డ్ నాయిజ్' బృందం ఇచ్చిన బేస్ గిటార్ మోతకే నేను దాన్ని వింటాను. ఆ బృందంలోని రికో వేడ్ వాళ్ల అమ్మగారింటి కింద, మట్టి నేల ఉన్న గదిలో పుట్టిన సంగీతం అది.

మరుసటి ఏడాది న్యూయార్క్‌లో, 'సోర్స్' అనే రాప్ పత్రిక ఇచ్చే అవార్డుల వేదిక మీద, వీళ్లు ఉత్తమ కొత్త గ్రూపు అవార్డు అందుకుంటుంటే జనం కేకలేసి గేలి చేశారు. అప్పటికి రాప్ అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ అంతే. అట్లాంటా ఉన్న అమెరికా దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని ఆండ్రే మైకులోనే అనేశాడు. ఆ చెప్పాల్సిందే 'ఏటీలియెన్స్'. బీట్లు నెమ్మదిగా, ప్రతిధ్వనితో నడుస్తాయి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ యాస మొదట్లో నాకు సగం కూడా అందేది కాదు, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని విన్నాను. అలా వినడానికి ఇంతకంటే అనువైన ఆల్బమ్ లేదు.

'అక్వెమినై' పేరులోనే ఇద్దరి రాశులూ ఉన్నాయి. బిగ్ బాయ్‌ది కుంభం, ఆండ్రేది మిథునం. ఇందులో ఒకడు వీధి గురించి చెప్తాడు, ఇంకొకడు తనలోకి తాను చూసుకుంటాడు. అయినా ఒకే పాటలో, ఒకరి మాట ఇంకొకరు అందుకుంటూ ఉంటారు. 'రోజా పార్క్స్'లో రాప్ ఆగి మౌత్ ఆర్గాన్ అందుకుంటుంది. వాయించింది ఆండ్రే సవతి తండ్రి, ఆయన పాస్టర్. 'స్పాటీఆటీడోపలీషస్' ఏడు నిమిషాల పైనే ఉంటుంది. ఇద్దరూ రాప్ మానేసి, తాపీగా కథ చెప్తారు. ఆ బాకాలు మొదలైతే నేను చేస్తున్న పని ఆపేస్తాను, ఇప్పటికీ.

2000లో వచ్చిన 'స్టాంకోనియా'లో వేగం, ధైర్యం ఎక్కువ. మొదటి సగం అద్భుతం, రెండో సగంలో స్కిట్లు (పాటల మధ్య వచ్చే చిన్న మాటల ముక్కలు) దాటేస్తాను. 2003 నాటి డబుల్ ఆల్బమ్‌కి గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, పాటలూ ఊపేశాయి. కానీ చెరొక డిస్క్ చేసుకున్నారు. రెండూ ఇష్టమే, అయినా అది నాకు రెండు వేర్వేరు ఆల్బమ్‌లుగానే వినిపిస్తుంది. 2006 'ఐడిల్‌వైల్డ్' చివరికి ఉంచుకోండి.

ఒక్క విన్నపం. అందరూ ఆండ్రేనే మెచ్చుకుంటారని బిగ్ బాయ్ చరణాలు వదిలేయొద్దు. తాళం మీద అంత బిగువుగా, తడబాటు లేకుండా మాట నడిపేవాళ్లు అరుదు. 'అక్వెమినై'ని ఒకసారి అతని కోసమే వినండి.