డిజైన్ ఇంజనీర్ సైట్‌కి ఎప్పుడెప్పుడు రావాలి?

కొండాపూర్‌లో జీ ప్లస్ 4 (గ్రౌండ్ ఫ్లోర్, పైన నాలుగు అంతస్తులు) కడుతున్నాం, స్ట్రక్చరల్ ఇంజనీర్ వారానికోసారి రావాలా అని అడిగారు కదండీ. వారాల లెక్క వద్దు, పని దశను బట్టి పిలవండి.

మొదటిసారి పునాది గుంతలు తవ్వాక, పీసీసీ (అడుగున పరిచే రాడ్లు లేని కాంక్రీటు) పోయకముందు. ఇది మాత్రం వదలొద్దు. మన హైదరాబాద్‌లో ఒక గుంతలో బండ తగిలితే పక్కదాంట్లో మొరం ఉంటుంది, ఒక్కోసారి పూడ్చిన మట్టి. అన్నిటికీ ఒకే సైజు ఫుటింగ్ (పిల్లర్, అంటే కాలమ్ కింద వేసే కాంక్రీటు దిమ్మ) వేస్తే ఎక్కువతక్కువగా కుంగి గోడలు పగులుతాయి.

ఫుటింగ్, కాలమ్ రాడ్లు కట్టాక ఒకసారి. ఆపైన ప్రతి స్లాబ్‌కీ, కాంక్రీటుకి ఒకరోజు ముందే. పోసే రోజు పొద్దున వస్తే లారీ గేటు దగ్గర ఉంటుంది, తప్పు కనబడినా సరిచేసే టైముండదు. బాల్కనీ పైరాడ్లు తప్పకుండా చూడమనండి: కూలీలు తొక్కితే కిందికి దిగిపోతాయి, బాల్కనీ వంగి, బిల్డింగ్‌కి కలిసే చోట పగులుతుంది. అక్కడ చైర్లు (పైరాడ్లు కిందికి దిగకుండా ఆపే వంచిన రాడ్ ముక్కలు) దగ్గరదగ్గరగా కట్టించండి. కవర్ బ్లాకులు (రాడ్లకీ కాంక్రీటు అంచుకీ మధ్య ఖాళీ ఉంచే చిన్న దిమ్మలు) స్లాబ్‌కి 20, కాలమ్‌కి 40 మి.మీ.